సమ్మవ్వ బిళ్ళ

పర్శరాములు పంతులు పొద్దున్నే చాప పరిచి, బిస్కెట్ డబ్బా ముందర పెట్టుకున్నాడంటే ఇక ఆ ఇంట్లో ఆయన లేనట్టే లెక్క. చాయ చల్లారిపోయేది, ఎండ మోకాళ్ళ దాకా వచ్చేది, దూడ తాడు తెంపుకుని వాకిట్లో చిందులేసేది. ఆయన మాత్రం ఏ రాగి పైసనో కంటికి ఆనించుకుని, దాని మీది ఏనుగు తొండం ఎటు తిరిగిందో చూస్తూ ఉండేవాడు.

"అనసూర్య బాపూ, చాయల ఈగ పడ్డది" అంది భార్య శంకరవ్వ.

"ఊఁ."

"ఈగ కాదు, ఏనుగు పడ్డది."

"ఏనుగా? ఏదీ?" అంటూ తలెత్తాడు.

గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న అనసూర్య కడుపు పట్టుకుని నవ్వింది. ఆమెకు ఏడో నెల. మంచిర్యాలలో రైల్వేలో పనిచేసే మగని దగ్గరి నుంచి తొలి కాన్పుకని తల్లిగారింటికి వచ్చి వారమైంది.

వాళ్ళది గోదావరి ఒడ్డు ఊరు. ఊరి వెనక పాటిగడ్డ ఉంది. ఏ కాలంలోనో అక్కడ పెద్ద పట్నం ఉండేదని చెప్పుకుంటారు. రైతులకు మాత్రం అది మంచి ఎరువు మన్ను, బండ్లకెత్తుకుపోయి చేన్లలో పోసుకుంటారు. తొలకరి వానకు ఆ గడ్డ కరిగితే పూసలు, కుండపెంకులు, పాతకాలపు పైసలు తేలుతాయి. పంతులు పదేళ్ళుగా వాటిని ఏరుతున్నాడు. ప్రతి పైసకూ ఒక చీటీ రాసిపెట్టేవాడు, ఏ తావున, ఏ నాడు దొరికిందో. ఏనుగులు దొరికాయి, గుర్రాలు దొరికాయి, విల్లు, చెట్టు కూడా దొరికాయి. కానీ రాజు ముఖమున్న వెండి నాణెం ఒక్కటీ దొరకలేదు. అదొక్కటే ఆయనకు కొరత. ఆ డబ్బాలన్నీ మ్యూజియానికి ఇచ్చేస్తానని రాస్తే, పట్నం నుంచి ఆఫీసరు రేపు వస్తానని జవాబు వచ్చింది.

"రాజు మొకం ఒక్కటి దొరుకుతే గీ జన్మకు సాలు" అన్నాడాయన.

"మనుషుల మొకాలు సూడనోనికి రాజు మొకం ఎందుకో" అని శంకరవ్వ చాయ గ్లాసు ఎత్తుకుని లోపలికి పోయింది.

అనసూర్య ఆమె వెనకే వచ్చింది. నవ్వు ముఖంలో లేదు.

"అవ్వా, నొప్పులచ్చిననాడు కన్నవ్వ బిళ్ళ నా మెడల ఏస్తవు గదా?"

శంకరవ్వ చేయి తనకు తెలియకుండానే గుండె మీదికి పోయింది. రవిక లోపల, నల్లదారానికి, ఇరవై రెండేళ్ళుగా వేలాడుతున్న వెండి బిళ్ళ అది. మొదటి భార్య పోయిన ఇంటికి వచ్చిన రెండో ఆమె, పోయినామె బొమ్మను బిళ్ళగా చేయించుకుని మెడలో కట్టుకోవాలని అక్కడి ఆచారం. పసుపు కుంకుమ ముందు ఆమెకు, కొత్తచీర ముందు ఆమెకు, బువ్వలో తొలి ముద్ద ఆమెకు. అనసూర్యను కని, పురిటి మంచం మీదనే కన్నుమూసిన సమ్మవ్వ బిళ్ళ అది. పదహారేళ్ళ శంకరవ్వ ఆ ఇంట్లో కాలుపెట్టిననాడు అత్త దాన్ని ఆమె మెడలో కట్టి, పదకొండు నెలల పిల్లను చంకకెత్తింది. పిల్ల ఆ రాత్రి బిళ్ళను పిడికిట పట్టుకుని నిద్రపోయింది. ఏళ్ళ తరబడి అట్లాగే నిద్రపోయింది. మాటలు వచ్చినంక శంకరవ్వను 'అవ్వ' అంది, బిళ్ళను 'కన్నవ్వ' అంది. తల్లి ముఖమంటే ఆ పిల్లకు అదే.

"ఎందుకెయ్య బిడ్డా? ఆమె నీ గుండె మీద ఉంటది, నేను నీ కాళ్ళ కాడ కూసుంట. ఇద్దరవ్వల నడుమకు ఎవలొస్తరు? ఏం ఫికర్ పెట్టుకోకు."

మాట ఇచ్చింది కాబట్టి దారం గట్టిగా ఉందో లేదో చూడబోయింది. పాతదారం, పుటుక్కున తెగింది. తెగితే తెగిందిలే, పిల్ల మెడలో వేసేది ఎట్లాగూ కడగాలి అనుకుని బిళ్ళను కుంకుడు రసంలో నానబెట్టింది. ఇరవై రెండేళ్ళ పసుపు, కుంకుమ పెచ్చులుగా లేచిపోయాయి. తుడిచి, అరుగు మీద ఎండలో పెట్టి, కొత్త దారం పేనడానికి లోపలికి పోయింది.

తిరిగి వచ్చేసరికి పర్శరాములు అరుగు ముందర మోకాళ్ళ మీద ఉన్నాడు. భూతద్దం బిళ్ళ మీద పెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"శంకరవ్వా, ఇది ఏడిదే?"

"ఏడిదేంది? నా మెడలది."

"గీ చుట్టూత ఉన్న అక్షరాలు సూడు. గీ చెవుల పెద్ద పోగులు సూడు, గీ కొప్పు సూడు. ఇది సమ్మవ్వ కాదే! రాజు! ఎన్కటి రాజులు పోగులు పెడుతుండె, కొప్పు కడుతుండె! పదేండ్లు నేను పాటిగడ్డ మీద దేవులాడితి, ఇది నా ఇంట్లనే ఉండె!"

ఆయన ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా వెలిగిపోతోంది. శంకరవ్వకు మాత్రం భయం వేసింది. తన కోసం కాదు. లోపల ఉన్న అనసూర్య కోసం.

"మెల్లగ మాట్లాడు. పిల్ల ఇంటది."

"ఇననీ! ఇరవై రెండేండ్లు ఓ మొగోని బొమ్మకు బువ్వ పెట్టినవు! రేపు ఆఫీసరు సూసిండంటే..."

"ఇయ్య."

"ఏంది?"

"ఇయ్యనంటున్న. ఆ పిల్ల దీన్ని నమ్ముకుని కాన్పుకచ్చింది. నీ ఆఫీసరు ఒక్క దినం మురుస్తడు. ఇది రాజు అని తెలుస్తే నా బిడ్డ ధైర్యం పోతది. మీ అవ్వ కట్టింది, నేను మోసిన. అడగకు."

"అబద్ధాన్ని మెడల కట్టుకుంటవా? తప్పని తెల్సినంక కూడ?"

"అయితే నిజం చెప్పు." శంకరవ్వ ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అంత దగ్గరగా వచ్చి గొంతెత్తింది అదే మొదటిసారి. "ఇది సమ్మవ్వ కాదంటివి. నిజమైన సమ్మవ్వ ఎట్లుంటుండె? గీ ఇంట్ల ఆమె మొకం సూసినోళ్ళల్ల మిగిలింది నువ్వొక్కనివే. చెప్పు, అవుసలాయనతోని చేపిస్త. గప్పుడు నీ రాజును నా చేతులతోని నీ చేతుల పెడుత."

పర్శరాములు నోరు తెరిచాడు. సగం అరిగిన పైసను చూసి గుర్రం కాళ్ళు లెక్కపెట్టగల మనిషి. "ఆమె... ముక్కు..." అని ఆగాడు. "పుడక ఎడమదిక్కు... కాదు..." మళ్ళీ ఆగాడు. వెలిగిన ముఖం కొంచెం కొంచెంగా ఆరిపోయింది.

"యాదికి లేదు" అన్నాడు చివరికి. "రెండేండ్లే గదనే. మా అవ్వ ముంగట మొకం మీది కొంగు దియ్యకపోతుండె. బాయికి పోంగ ఎన్కనుంచి నడక యాదికున్నది. మొకం రాదు, శంకరవ్వా. ఎంత తండ్లాడినా రాదు."

గుమ్మంలో చిక్కుడుకాయల చాట కింద పడింది.

అనసూర్య ఎప్పటి నుంచి అక్కడ ఉందో తెలియదు. గోడ పట్టుకుని నిలబడింది. కింది పెదవి ఒక పక్కకు పళ్ళ కింద నొక్కిపట్టింది.

"నేను సిన్నప్పటి సంది మొక్కింది ఎవలికే అవ్వా? అయితే మా కన్నవ్వ మొకం ఏడ లేనే లేదా?"

ఆ మాటకు పర్శరాములు తల దించుకున్నాడు. శంకరవ్వకు ఏడుపు వచ్చింది, మింగేసింది. ఏడ్చే పని తర్వాత, ముందు చేసే పని ఉంది. భుజం కింది వెండి కడియం బలవంతంగా లాగి తీసింది, చర్మం కమిలింది.

"ఎందుకు లేదు? ఉన్నది. చెప్పులేసుకో బిడ్డా. నువ్వు సుత లే, అనసూర్య బాపూ."

వెండి బంగారాల పని చేసే అవుసలి రామచంద్రం కొలిమి ముందు ముగ్గురూ కూర్చునేసరికి ఆయన పరేషాన్ అయిపోయాడు. బిళ్ళను చూడగానే తల గోక్కున్నాడు.

"మా బాపు పోయేటప్పుడు చెప్పిండు అక్కా. రేపు లగ్గమనంగ మీ అత్త బిళ్ళ కావాలన్నదట. బాపుకు సలిజరం, సేతులు వణుకుతున్నయి. పాటిగడ్డ మన్నుబండ్లోళ్ళు ఎప్పుడో ఇచ్చిన బిళ్ళ ఇంట్ల ఉండె. పోగులున్నయి, కొప్పున్నది, ఆడామె లెక్కనే ఉన్నదని కొక్కెం పెట్టిచ్చిండు. నాకు చెప్ప నోరు రాలే."

"అయిందేదో అయింది. గీ కడియం కరిగించి రేకు దియ్యి. సమ్మవ్వ బొమ్మ చెయ్యాలె."

"ఎవలను సూసి చెయ్యాలె? ఫోటువ ఉన్నదా?"

"ఉన్నది." శంకరవ్వ కూతుర్ని తండ్రి పక్కకు జరిపి ఇద్దరినీ వెలుతురుకు తిప్పింది. "ఇద్దరిని సూడు. పిల్ల మొకంల బాపుది ఏదున్నదో అది ఇడిశిపెట్టు. మిగిలింది సమ్మవ్వది. ఇంక ఎవలది అయితది?"

రామచంద్రం చాలాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కొలిమి ఊదాడు. వెండిని సాగగొట్టి, రేకును లక్క మీద అతికించి, చిన్న ఉలి అందుకున్నాడు. శంకరవ్వ ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ చెప్పింది. ఇరవై రెండేళ్ళు ఆ ముఖానికి నీళ్ళు పోసింది, నూనె రాసింది, జ్వరాలకు తడిగుడ్డ వేసింది. ఆమె కంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

"నొసలు బాపుది, వద్దు. చెవులు బాపుయే. కనుబొమ్మలు కలిసినయి సూడు, అవి ఆమెయి. పెదివె కింద గదువ గుండ్రంగున్నది, ఆమెది."

"ముక్కు అక్కా?"

"ముక్కు మా అత్తది, ఇడిశిపెట్టు."

"ముక్కు లేకుంట ఎట్లనే?" అన్నాడు రామచంద్రం. అంత బాధలోనూ అనసూర్యకు నవ్వు వచ్చింది. ఆ నవ్వును ఆపుకోవడానికి కింది పెదవిని ఒక పక్కకు పళ్ళ కింద నొక్కింది.

"ఆగు!" అన్నాడు పర్శరాములు.

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన కూతురి ముఖాన్ని, నాణేన్ని చూసినట్టు కాదు, మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

"గట్లనే... గట్లనే చేస్తుండె. మా అవ్వ కోపం జేస్తే నవ్వు ఆపుకోనీకి గట్లనే పెదివె నొక్కుకుంటుండె. ముక్కు సన్నగ... కొసకు జర పైకి. పుడక కుడిదిక్కు." కూతురి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "యాదికచ్చింది శంకరవ్వా. సమ్మవ్వ యాదికచ్చింది."

అరవైకి దగ్గర పడుతున్న మనిషి, ఊరి పిల్లలందరికీ బెత్తం చూపించిన పంతులు, కొలిమి ముందర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అనసూర్య ఆయన భుజం మీద తల ఆనించింది. రామచంద్రం కళ్ళు తుడుచుకుని, పెదవి ఒక పక్కకు మలిచాడు.

మర్నాడు పదింటికి ఆఫీసరు జీపు ఊళ్ళోకి వచ్చింది. అప్పటికే కొత్త బిళ్ళ పసుపు కుంకుమలతో అనసూర్య మెడలో ఉంది. పాతదాన్ని శంకరవ్వ తన చేతులతోనే మగని అరచేతిలో పెట్టింది. ఆయన చీటీ రాసి దాని పక్కన పెట్టాడు. శంకరవ్వకు చదువు రాదు.

"ఏం రాసిండు బిడ్డా?" అని అడిగింది.

అనసూర్య చీటీ అందుకుని చదివింది. "రాజు ముఖముగల వెండి నాణెము. దొరికిన తావు, నా భార్య శంకరవ్వ మెడ. ఇరవై రెండేండ్లు ఆమె దీనిని నా మొదటి భార్యగా తలచి, తనకంటే ముందు దీనికి అన్నము పెట్టినది. ఇట్టి మనిషి నా ఇంట నుండగా నేను పాటిగడ్డ మీద వెతికితిని."

అనసూర్య చీటీని మళ్ళీ నాణెం పక్కన పెట్టింది. శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. పోయినంత వేగంగానే, పళ్ళెంలో వేడి బువ్వ పట్టుకుని వచ్చింది. తొలి ముద్ద అనసూర్య మెడలోని సమ్మవ్వకు తాకించింది. తర్వాత డబ్బా ముందర కూర్చుని ఇంకో ముద్ద కలిపింది.

"అదెందుకే? అది రాజని తెల్సె గదా" అన్నాడు పర్శరాములు.

"ఎవలైతేంది? ఇరవై రెండేండ్లు నా చేతి బువ్వ తిన్నడు. ఉపాసం పంపుతనా?"

వాకిట్లో జీపు ఆగింది. శంకరవ్వ ముద్దను నాణేనికి మెల్లగా తాకించి, కొంగుతో దాని ముఖం తుడిచి, డబ్బా మూత పెట్టింది.