మూడో వంపులో జారిన చైను

ఆ కొండ దారిలో మూడో వంపు దగ్గర ఒక ఖాళీ ఇల్లుంది. తలుపుల్లేవు, కిటికీల్లేవు, చెడ్డపేరు మాత్రం బోలెడంత. చీకటి పడ్డాక సైకిల్ మీద అటు ఎక్కేవాళ్ళ వెనక చక్రాన్ని ఎవరో పట్టుకుని లాగుతారని అందరూ అంటారు. అక్కడ పడి మోకాళ్ళు పగలగొట్టుకున్నవాళ్ళు ఎందరో.

మా బావ మాత్రం నమ్మేవాడు కాదు. సైకిల్ మెకానిక్ కదా, దెయ్యాన్నైనా స్పానరు పెట్టి విప్పి చూద్దామనే రకం. ఆయన నోట విన్నదే చెబుతున్నాను.

ఆ సాయంత్రం వాన వెలిసింది. దారికి అడ్డంగా మట్టిపెళ్ళలు విరిగిపడి బళ్ళన్నీ ఆగిపోయాయి. కొండ పైన బావ వాళ్ళింట్లో మా మేనకోడలికి ఉబ్బసం ముదిరింది. పీల్చే మందు అయిపోయింది.

"తొందరగా రండి... పిల్ల పెదాలు నీలంగా అవుతున్నాయి," అని అక్క ఫోను.

కొండ కింద దుకాణంలో ఉన్న బావ మందు కొని జేబులో వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే కొత్త చైను వేసిన గేర్ల సైకిల్, ఎవరిదో మౌంటెన్ బైకు, దుకాణం ముందుంది. ఎక్కేశాడు.

మూడో వంపు వచ్చేసరికి చీకటి పడింది. ఎత్తు ఎక్కువ. సీటు మీంచి లేచి, బరువంతా పెడల్ మీద వేశాడు.

టక్ —

కాలు కిందికి జారిపోయింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ టక్... అచ్చం ఎవరో వెనక్కి గుంజినట్టే.

ఆ ఖాళీ ఇంటివైపు చూడలేదు. ఫోను లైటు వేసి, పెడల్ వెనక్కి తిప్పుతూ చైను లింకు లింకూ తడిమాడు. ఒక్కటీ బిగుసుకోలేదు. వెనక చక్రం ఎత్తి చేత్తో తిప్పితే సాఫీగా తిరిగింది. మనిషి బరువు పడితేనే జారుతోంది.

అప్పుడు లైటు వెనక పళ్ళచక్రాల మీద పడింది. ఎత్తు ఎక్కేటప్పుడు అందరూ వాడే చక్రం పళ్ళు అరిగి వాలిపోయాయి. కొత్త చైను వాటి మీద ఎలా నిలుస్తుంది? "చైనొక్కటి మారిస్తే చాలు, పళ్ళు ఇంకో ఏడాది లాగుతాయి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి పంపేది బావే. ఇంతమందిని పడేసిన దెయ్యం తన దుకాణంలోనే ఉందన్నమాట! సిగ్గుతో చచ్చిపోయాడు పాపం.

అరగని పెద్ద చక్రం మీదికి చైను మారుద్దామని గేరు మీట నొక్కాడు. కింద ఏదో టప్‌మంది. అంతే... సైకిల్ తేలిగ్గా కదిలింది. ఇక చైను జారలేదు. ఆయాసం కూడా రాలేదట.

ఇల్లు చేరాడు. పిల్ల మందు పీల్చింది. కాసేపటికి ఊపిరి కుదుటపడింది. అప్పటిదాకా బిగబట్టుకున్న అక్క అప్పుడు ఏడ్చింది.

తెల్లారి బావ నాకు కబురు పెట్టాడు. వెళ్తే, సైకిల్ పక్కన చతికిలబడి ఉన్నాడు.

"ఒరేయ్, ఇది చూడు..." అన్నాడు, గొంతు తగ్గించి.

గేరు కేబుల్ తెగి వేలాడుతోంది. చైను పెద్ద చక్రం మీద లేదు. జారి, అన్నిటికన్నా చిన్నదాని మీద కూర్చుంది.

"ఇంత చిన్న చక్రం మీద చైనుంటే చదును నేల మీదే తొక్కడం కష్టం. ఆ ఎత్తు ఎవడెక్కుతాడురా?"

"ఇంటికొచ్చాక తెగిందేమో, బావా."

"ఆ టప్‌మన్నది నేను వంపులోనే విన్నాను..."

సీటు వెనక ఎండిన మట్టిని చూస్తూ ఉండిపోయాడు. నేనూ చూశాను. అరచేతంత మరకలు, పక్కపక్కన రెండు.

"అక్కడ వెనక్కి లాగుతారనేగా అందరూ అనేది," అన్నాడు బావ చివరికి. "నన్ను... తోశారురా."