గీజర్ గోడ మీద రెండు దెబ్బలు

ఎర్రచుక్క ఉన్న వైపు కుళాయి ఎంత తిప్పినా చన్నీళ్లే వచ్చాయి. జనవరి నెల, ఎడారి చలి, పైగా పొద్దున్నే. జెనెల్ మొహం తుడుచుకుంటూ వచ్చేసరికి తల్లి ఆర్డిస్ ట్రైలర్‌లోని చిన్న వంటగట్టు దగ్గర కెటిల్‌తో నీళ్లు కాస్తోంది.

"గ్యాస్ గీజర్ ఉండగా ఈ తిప్పలేమిటమ్మా?"

"ఇంకా వెయ్యొద్దంటున్నాడు మీ నాన్న," అంది ఆర్డిస్, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా.

జెనెల్ చేతిలోని తువ్వాలు అలాగే ఉండిపోయింది. నాన్న వెర్లిన్ పోయింది ఏప్రిల్‌లో. పన్నెండేళ్లుగా మొగుడూ పెళ్లాలిద్దరూ ఉత్తరాన తాముండే డకోటాలో మంచు పడకముందే ఈ చక్రాల ఇంటిని లాక్కుంటూ అరిజోనా వచ్చేవారు. నిరుడు ఆయనకు జబ్బు చేసి ప్రయాణం మానుకున్నారు. ఈసారి డెబ్బై ఒక్క ఏళ్ల ఆర్డిస్ ఎవరి మాటా వినకుండా ఒక్కతే నడుపుకుంటూ వచ్చేసింది. వచ్చి రెండు నెలలైంది. ఫోన్లో ఆమె మాటలు ఏదోలా ఉన్నాయనే జెనెల్ నిన్న విమానం దిగింది.

"నాన్న ఎలా చెబుతాడమ్మా?"

"ఎప్పుడూ ఎలా చెప్పేవాడో అలాగే. గీజర్ మూత బయటి వైపుంది, స్విచ్చి లోపలుంది. ఆయన అరిస్తే నాకు వినబడదు కదా. ఏదైనా సరిగా లేకపోతే బయట్నుంచి గోడ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు, ఆగమని. ఇదిగో, చూడు."

ఆర్డిస్ స్విచ్చి మీద వేలు పెట్టింది.

టక్. టక్.

మంచం వెనక గోడలోంచి వచ్చింది చప్పుడు. తొందరలేని, ఓపికైన చప్పుడు. జెనెల్ చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది. గోడ దగ్గర ఎవరూ లేరు. కంకర మీద పరుచుకున్న ఇసుకలో అడుగుజాడ ఒక్కటీ లేదు. వంద గజాల అవతల పక్కబండిలో ఉండే డ్వేన్ కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"గోడ మీద చప్పుడైంది, ఇటు ఎవరైనా వచ్చారా?" అని కేకేసింది.

"పిట్ట కూడా రాలేదమ్మా. రేకుకి ఎండ తగిలితే అలా టకటకమంటుందిలే."

జెనెల్ గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. రేకు చల్లగా ఉంది. ఎండ ఇంకా ఆ వైపుకు తిరగనే లేదు.

లోపలికి వచ్చేటప్పటికి భయమంతా కోపమైంది. మనిషికి భయం వేస్తే మొదట దొరికేది అయినవాళ్లే కదా.

"రెండు నెలల్నుంచీ చన్నీళ్లా? పోయినవాడు వద్దన్నాడని? నేను కాబట్టి సరిపోయింది, బయటివాళ్లు వింటే ఏమంటారు?"

"పిచ్చిదంటారు. నువ్వూ అను. అందుకే కదా వృద్ధాశ్రమం కాగితాలు సంచిలో పెట్టుకొచ్చావు. నీ స్వెట్టర్ కింద చూశాలే."

"అవునమ్మా, తెచ్చాను. ఈ బండి అమ్మేద్దాం. నీకు తోడుంటుంది, వేణ్ణీళ్లుంటాయి."

"ఆయన ఇక్కడున్నాడే. నన్ను తీసుకెళ్తావు, సరే. ఆయన్ని ఎవడికి అమ్ముతావు?"

జెనెల్ విసురుగా స్విచ్చి వైపు చెయ్యి చాపింది. ఆర్డిస్ ఆ మణికట్టును గట్టిగా పట్టుకుంది.

టక్. టక్.

ఈసారి గోడ అదిరింది. అరలో కప్పులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. జెనెల్ చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది.

"విప్పి చూస్తాను," అంది చివరికి. "గీజర్‌లో ఏ లోపమూ లేకపోతే నాతో వచ్చెయ్యాలి. ఒప్పుకుంటావా?"

"విప్పు," అంది ఆర్డిస్.

డ్వేన్ పానా పట్టుకుని వచ్చాడు. నీళ్ల పైపు కట్టేసి, గీజర్ మూత తీసి, అడుగున ఉన్న బిరడాను తిప్పుతూ, "పక్కకి జరగమ్మా, ఒక్కసారిగా దూకుతాయి," అన్నాడు.

బిరడా ఊడి చేతిలోకి వచ్చింది. నీటిచుక్క రాలలేదు.

డ్వేన్ కన్నంలో వేలు పెట్టి తీశాడు. వేలికి తెల్లటి పొడి దుమ్ము అంటింది. లోపలికెళ్లి మంచం కింది చెక్క ఊడదీశాడు. అక్కడ మూడు వాల్వులూ పక్కదారికే తిరిగి ఉన్నాయి.

"చలికి ట్యాంకు పగలకుండా నిరుడు ఖాళీ చేసినట్టున్నాడు వెర్లిన్. నీళ్లు ట్యాంకులోకి పోకుండా పక్కనుంచి పోయేట్టు పెట్టాడు. బండి బయటికి తీసేటప్పుడు వీటిని వెనక్కి తిప్పాలి. అందుకే ఎర్ర కుళాయిలోనూ చన్నీళ్లు."

"నాకేం తెలుసు. అది ఎప్పుడూ ఆయన పనే," అంది ఆర్డిస్.

"ఖాళీ ట్యాంకు కింద మంట వేసుంటే?" అడిగింది జెనెల్.

డ్వేన్ మంచం వైపు చూశాడు. దానికి ఆనుకునే గీజర్ ఉంది. "అడక్కమ్మా," అన్నాడు.

జెనెల్ బయటికెళ్లి కంకర మీద కూలబడి ఏడ్చింది. ఇందాక స్విచ్చి వైపు చాపిన చేతిని ఒళ్లో దాచుకుంది. కాసేపటికి ఆర్డిస్ వచ్చి పక్కన చతికిలబడింది. నేను చెప్పలేదా అని దెప్పలేదు.

"నీకు మతి పోయిందనుకున్నానమ్మా."

"నేనూ అనుకున్నానే, కొన్నాళ్లు."

డ్వేన్ వాల్వులు తిప్పి, బిరడాకు టేపు చుట్టి బిగించి, నీళ్లు వదిలి వెళ్లిపోయాడు. ఎర్ర కుళాయి ముందు బుసలు కొట్టింది, దగ్గింది, తర్వాత ధారగా పారింది. ట్యాంకు నిండినట్టే. ఆర్డిస్ స్విచ్చి మీద వేలు పెట్టి ఆగిపోయింది. గోడలోంచి ఏ చప్పుడూ రాలేదు. తల్లీకూతుళ్లిద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఆ నిశ్శబ్దం చప్పుడుకన్నా భయంగా ఉంది.

"ఇది వేస్తే ఇక రాడే," అంది ఆర్డిస్ మెల్లగా.

"వద్దులేమ్మా. కెటిల్ ఉందిగా. రేపు చూద్దాం. అసలు వెయ్యకపోయినా సరే," అంది జెనెల్. బండి అమ్మేద్దామని పొద్దున్న అన్న నోటితోనే అంది.

ఆర్డిస్ తల అడ్డంగా ఊపింది. "రెండు నెలలు, జెనెల్. పాపం, మనిషిని చలిలో నిలబెట్టేశాను. ఆయన వెళ్లలేకపోయాడే, నాకు ఈ పని రాదని తెలిసి."

వేలు నొక్కింది. గోడ వెనక మంట భగ్గుమని అంటుకుంది.

అరగంట తర్వాత ఆర్డిస్ కుళాయి కింద చేతులు పెట్టింది. సమాధి దగ్గర కూడా కన్నీరు రాని మనిషి అప్పుడు భోరుమంది. జెనెల్ వెనక నుంచి గట్టిగా పట్టుకుని తన చేతులు కూడా ఆ ధార కింద పెట్టింది.

"వేడిగా ఉన్నాయే," అంది తల్లి వెక్కుతూ. "చాలా వేడిగా ఉన్నాయి."