గడ్డిలోయలో మాటలు

పాతపట్నం దాటి కొండల్లోకి తిరిగితే ఒక లోయ ఉంది. చెట్లు తక్కువ. ఎండలు ముదిరేసరికి భుజాలెత్తు గడ్డి ఎండిపోయి, లోయంతా పసుపచ్చగా నిలబడుతుంది. ఆదివారాల్లో కుర్రాళ్ళు ట్రెక్కింగ్‌కి వస్తారు. దారి తప్పకుండా రాళ్ళ మీద సున్నంతో గుర్తులు వేసిపెట్టారు.

ఆ సాయంత్రం ఆ గుర్తుల వెంట ఇద్దరే నడుస్తున్నారు. ముందు ఈశ్వర్, వెనక అతని మరదలు శైలజ. ఆమె సంచిలో ఒక చీర, పసుపు, కుంకుమ, నీళ్ళ సీసా ఉన్నాయి.

కిందటి వేసవిలో ఇదే దారిలో అతని భార్య, శైలజ అక్క రాజకుమారి కనపడకుండా పోయింది. మడమ బెణికి నడవలేకపోతే ఒకచోట కూర్చోబెట్టి, సాయం కోసం తాను దిగానని ఈశ్వర్ అందరికీ చెప్పాడు. మనుషుల్ని తీసుకొచ్చేసరికి అక్కడ ఆమె లేదు. శవమూ దొరకలేదు. ఇప్పుడతనికి రాజాంలో మళ్ళీ సంబంధం కుదిరింది. పోయినామెకి చీర పెట్టి రావాలని, పుట్టింటివాళ్ళు ఒకరు వెంట ఉండాలని పెళ్ళికూతురివాళ్ళు పట్టుబట్టారు. కళింగపట్నంలో చేపలు ఎండబెట్టే పని వదులుకుని శైలజ వచ్చింది. అక్కకి ఆఖరి చీర ఇంకొకామె పెళ్ళి కోసం పెట్టాల్సి వచ్చిందే అని ఆమె కడుపు రగిలిపోతోంది.

"ఇక్కడే," అన్నాడు ఈశ్వర్, ఒక బండ దగ్గర ఆగి. "బేగి కానీ. సీకటి పడిపోతాది."

శైలజ కుంకుమ పొట్లం విప్పింది. గాలి లేదు. ఎండుగడ్డి వాసన, ఎక్కడినుంచో మేకల కంపు. పొద్దు కొండ అవతలికి దిగిపోయింది. పక్కనే గడ్డి గలగలమంది... ఆగింది... మళ్ళీ గలగలమంది.

"మేకలేటో," అంది శైలజ.

అప్పుడు గడ్డిలోంచి ఈశ్వర్ గొంతు వినిపించింది.

"కూకో. నాను మనుసుల్ని తెస్తాను."

శైలజ బావకేసి చూసింది. అతని పెదాలు కదల్లేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నీళ్ళ సీసా ఇచ్చీసి ఎల్లు మావా. నాలిక పిడస గట్టుకుపోతంది."

అది రాజకుమారి. అనుమానమే లేదు.

"నాకు దారికి నీళ్ళొద్దేటి? నువ్వు కూకున్నదానివే గదా."

"మావా... ఒక్క గుక్క..."

ఆ తర్వాత అడుగుల చప్పుడు. దూరమైపోయింది. "మావా" అన్న పిలుపు మాత్రం ఆగలేదు. గట్టిగా... బొంగురుగా... చివరికి ఊపిరిలా.

"బావా," శైలజ గుసగుసగా అడిగింది. "నిజవేనా?"

"కొండల్లో మాట తిరిగొస్తాది."

"ఏడాదికా?"

"పద. ఎలిపోదాం."

"సీసా ఇయ్యనేదా నువ్వు? ఒక్క గుక్కైనా?"

అతను పరిగెత్తాడు. గుర్తుల వెంట కూడా కాదు, గడ్డిని చీల్చుకుంటూ పరిగెత్తాడు.

శైలజ కిందికొచ్చి పెద్దలందరికీ చెప్పింది. పెళ్ళికూతురి తండ్రి ధనరాజు ఓపిగ్గానే విన్నాడు. "అప్ప పోయిన దుఃఖం తల్లీ. మనసులో ఉన్నదే సెవికి వినిపిస్తాది," అన్నాడు. గడ్డి చెప్పిన మాట ఏ పోలీసు రాసుకుంటాడు? శ్రావణంలో ఈశ్వర్ పెళ్ళి బాజాలతో జరిగింది. వచ్చినవాళ్ళంతా భోజనాలు బాగున్నాయన్నారు.

ఒక్క సంగతి మాత్రం శైలజ ఎవరికీ చెప్పలేదు.

ఈశ్వర్ పారిపోయాక ఆమె చీర మడత విప్పి గడ్డి మీద పరిచింది. సీసాలో నీళ్ళన్నీ నేల మీద పోసింది. "తాగే అప్పా," అని ఏడ్చింది. నేల క్షణంలో పీల్చేసింది. గడ్డి సద్దుమణిగింది. పురుగు కూడా కూయలేదు.

అంతలో చీరకి అవతల ఇంకో గొంతు. ముసలి గొంతు. పళ్ళూడిపోయి మాట జారిపోతోంది. ఎవరిదో పోల్చుకోడానికి శైలజకి కొంచెం సేపు పట్టింది.

అది తన గొంతే.

"వచ్చీసినానే అప్పా. కాస్త జరుగు."

చీర అంచు దగ్గర గడ్డి మెల్లగా పక్కకి ఒరిగింది. రాజకుమారి బదులిచ్చింది. ఆమెది అదే పడుచు గొంతు.

"ఇన్నాళ్ళేటే సెల్లీ..."