ఇరవై రెండు ఎముక పలకలు

ముందు మీరు చెప్పండి, ఆ సాయంత్రం మా షాపు అద్దంలోంచి ఏం చూశారు? వానకి తలదాచుకోవడానికి మా వసారా కింద పదిమంది దాకా నిలబడ్డారు. వాళ్ళలో మీరు ఉంటే దాచకండి. లోపల ఒక ముసలిది కత్తి పట్టుకుని ఉంది, ఒక పిల్ల తన చెయ్యి తానే పట్టుకుని నేలమీద ముడుచుకుపోయింది. అంతేగా చూసింది? మర్నాడు వీధంతా చెప్పుకున్నదీ అదే. ముసలిది మనవరాలి వేలు కోసిందట. చెప్పుకోండి. నోళ్ళు మూయించడం నా పని కాదు, పియానోలు బాగుచెయ్యడం నా పని. కానీ అద్దం బయట నిలబడినవాళ్ళకి సగమే కనిపిస్తుంది. మిగతా సగం నేను చెబుతాను.

నలభై రెండేళ్ళ కిందట పియానోల కార్ఖానాలో ఊడవడానికి చేరాను. అప్పటికే భర్త పోయాడు, చంకలో ఆడపిల్ల. అక్కడి మేస్త్రి నన్ను చీపురు తప్ప ఇంకేం ముట్టుకోనిచ్చేవాడు కాదు. అందరూ భోజనాలకి వెళ్ళాక ఒక్కో పనిముట్టూ ఎత్తి చూసి, దాని బరువు చేతికి తెలిశాక, మళ్ళీ అదే చోట అదే వంపులో పెట్టేసేదాన్ని. ఏడేళ్ళకి ఆ మేస్త్రే చెవులు మందగించి, తీగలు సరిచూడ్డానికి నన్ను పిలిచాడు. అలా నేర్చుకున్నదాన్ని. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఆకలంటే ఉంది, తడిసిన చెక్క అంటే ఉంది.

నా కూతురు కూతుర్ని మేమంతా పిచ్చుక అంటాం. పంతొమ్మిదేళ్ళు. దాని తల్లి ఆసుపత్రిలో నర్సు. డ్యూటీలు ఎప్పుడు పడితే అప్పుడు కాబట్టి పిల్ల నా దగ్గరే, పియానోల కింద పాకుతూ పెరిగింది. నాట్యం నేర్పే బడిలో పియానో వాయించే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. నాలుగు రోజుల్లో పరీక్ష. వాళ్ళిచ్చిన పాట చివర ఒక గ్లిసాండో ఉంది. అంటే పియానో మీద వేళ్ళతో నొక్కే మెట్లని ఒక్కొక్కటీ నొక్కకుండా వేలిని ఒకే ఊపున వాటిమీద జార్చెయ్యడం. వినేవాళ్ళకి నీళ్ళు దొర్లినట్టు ఉంటుంది. వాయించేవాళ్ళ చర్మానికి తెలుస్తుంది అసలు సంగతి. కుడి నుంచి ఎడమకి, ఇరవై రెండు తెల్ల మెట్లు, బొటనవేలితో.

మొదటిరోజే దాని వేలు కందిపోయింది. నేను కూర్చోబెట్టి చెప్పాను. చర్మం కాదు, గోరు తగలాలి. మణికట్టు వదులుగా ఉండాలి. మెట్టు అడుగుదాకా దిగక్కర్లేదు, సగం దిగినా పలుకుతుంది. ముందు మూసిన మూత మీద జార్చు, చేతికి దారి తెలుస్తుంది. రోజుకి ఐదుసార్లు, అంతే. ఆరోసారి వాయించేది చెయ్యి కాదు, మొండితనం.

అన్నీ విని, "నీ వేళ్ళు ఆకురాళ్ళు అమ్మమ్మా, నీకేం తెలుస్తుంది నొప్పి" అంది.

"తెలియబట్టే ఇవి ఇంకా పదీ ఉన్నాయి" అన్నాను. "నొప్పి అంటే తిట్టు కాదే. కబురు. వస్తే ఆగి వినాలి."

వినలేదు. మూడోరోజుకి గోరు పక్కన చర్మం చీలింది. తప్పంతా దానిదే అనలేను. మా షాపు పియానో మెట్ల మీద ఉన్నవి చవక ప్లాస్టిక్ పలకలు. కొన్ని బీటలిచ్చాయి, కొన్నిటి అంచులు లేచాయి. ఎంత బాగా జార్చినా ఎక్కడో కొరుకుతాయి. ఆ ఉద్యోగం వస్తే పిల్ల తన కాళ్ళమీద తాను నిలబడుతుంది. పాడైన వేలితో వెళితే రాదు. అప్పుడు నాకు ఆ ఎముక పలకలు గుర్తొచ్చాయి.

వారం కిందట ఒకాయన తన మేనత్త పియానోని చెక్క కోసం తెచ్చి పడేశాడు. ఆవిడ ఇంట్లోనే పిల్లలకి పియానో నేర్పిన టీచరమ్మ. చివరి రోజుల్లో పాఠాలు మానేసి, పొద్దస్తమానం ఒకే గ్లిసాండో వాయించుకునేదట. చేతులకి కట్లు కట్టినా విప్పేసుకునేదట. ఆయన వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగాడు.

"మెట్ల జోలికి వెళ్ళకండమ్మా. అవి పొయ్యిలో పెట్టెయ్యండి."

నేను నవ్వాను. ఆ మెట్ల మీద పరిచినవి పాతకాలపు ఎముక పలకలు. అంత మంచి ఎముక ఇప్పుడెక్కడ దొరుకుతుంది? వేలితో తడిమి చూస్తే ప్రతి పలకకీ మధ్యలో సన్నటి లోతు ఉంది. ఒకే దారిన వేలు వెళ్ళి వెళ్ళి అరిగిన లోతు. వెన్నలా ఉంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. పాత ఎముక పలకల్ని ఇంకో పియానోకి వేసేముందు మూడురోజులు గట్టి ఎండలో పెట్టాలి. వాటిలో వేరే మనిషి చెమట ఇంకి ఉంటుంది. అది ఎండి పోవాలి. కార్ఖానా మేస్త్రి కూడా ఈ పలకల్ని తన చేత్తోనే ఎండలో పెట్టేవాడు, నవ్వులాటకి తీసుకునేవాడు కాదు. కానీ నాలుగురోజులుగా వాన. తెల్లారితే పరీక్ష. నేను ప్లాస్టిక్‌వి పీకేసి, వీటిని తడిగుడ్డతో తుడిచి, వేడి బంక పూసి, ఇరవై రెండూ అతికించేశాను.

బంక ఆరేసరికి సాయంత్రం అయింది. వీధిలో దీపాలు ఇంకా వెలగలేదు. షాపులో బంక వాసన, తడి చెక్క వాసన. బయట వసారా కింద జనం గొడుగులు దులుపుకుంటున్నారు. పిచ్చుక వేలికి కట్టు విప్పుకుని కూర్చుంది. నేను పక్కనే నిలబడ్డాను.

జార్చింది.

నా నలభై రెండేళ్ళలో అంత మంచి గ్లిసాండో వినలేదు. ఒక్క మెట్టు తడబడలేదు. పిచ్చుక తలెత్తి నన్ను చూసింది.

"నొప్పి లేదు అమ్మమ్మా."

మళ్ళీ జార్చింది. మళ్ళీ. అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో ఇంకా బాగుంది, ఆ మాట దాచను. నేను కళ్ళు మూసుకుని విన్నాను. అదీ, అలా, అంటూ మెచ్చుకున్నాను. ఐదు దాటింది. నేను లెక్క పెట్టడం మానేశాను. నా బుద్ధికి ఏమైందో నాకు తెలీదు. వానంతా ఆ మెట్లమీదే పడుతున్నట్టుంది. కుడి నుంచి ఎడమకి... కుడి నుంచి ఎడమకి...

తర్వాత వాసన మారింది.

బంక కాదు. చెక్క కాదు. తడిసిన ఇనుము వాసన.

"చాలు పిచ్చుకా."

ఆగలేదు. మోతలో ఏదో తేడా. మెత్తగా... తడిగా...

"పిచ్చుకా, చాలన్నాను."

"నొప్పి లేదు కదా" అంది. గొంతు దానిదే. చాలా నెమ్మదిగా అంది, నన్ను ఊరడిస్తున్నట్టు.

బల్ల మీద తడిమి టార్చి తీశాను. వెలిగించాను.

మెట్లన్నీ ఎర్రగా ఉన్నాయి. ప్రతి పలకకీ మధ్యలో ఉన్న ఆ లోతులో నెత్తురు నిండి, సన్నటి కాలవలా మెరుస్తోంది. దాని బొటనవేలికి గోరు లేదు. గోరు లేని వేలితో జారుస్తోంది. మొహంలో బాధ లేదు. పాపాయి నిద్రలో నవ్వినట్టు నవ్వుతోంది.

టార్చి పియానో మీద పెట్టి, దాని రెండు చంకల కింద చేతులేసి లాగాను. బరువుగా ఉంది. మెట్లు వదలవు. ఆ చెయ్యి ఒక్కటే ఇంకా అటూ ఇటూ వెళుతోంది, గాల్లో. నేలమీద కూర్చోబెట్టి నా కొంగు చింపి వేలికి చుట్టాను. చుట్టేటప్పుడు కదల్లేదు. పచ్చి మాంసానికి గుడ్డ తగిలితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది కిటికీ వైపు చూస్తోంది.

నాకు కోపం వచ్చింది. భయం కంటే ముందు నాకు కోపమే వస్తుంది, అలా బతికాను. పలకలు ఊడదీసే పల్చటి కత్తి తీసుకుని పియానో దగ్గరికి వెళ్ళాను. మొదటి పలక అంచు కింద దూర్చి పైకి లేపాను.

వెనక పిచ్చుక కేక పెట్టింది.

తిరిగి చూశాను. చెయ్యి ఒళ్ళో దాచుకుని ముడుచుకుపోయింది. నేను దాన్ని ముట్టుకోలేదు. నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

"వద్దు అమ్మమ్మా... పీకొద్దు... నా వేలు..."

పలక నా చేతిలోకి ఊడి వచ్చింది. వెచ్చగా ఉంది.

మీరు అద్దంలోంచి చూసింది అది. నా చేతిలో కత్తి, నేలమీద పిల్ల.

రెండో పలక కింద కత్తి ఆనించి చూశాను, ఊరికే ఆనించాను. పిచ్చుక పళ్ళు బిగబట్టింది. కత్తి తీసేశాను. ఊపిరి వదిలింది. మళ్ళీ ఆనించలేదు. నాకంత ధైర్యం లేదు.

ఊడిన పలకని ఆ రాత్రే పొయ్యిలో వేశాను. అది కాలుతున్నంతసేపూ పిల్ల చన్నీళ్ళ బకెట్లో చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు కట్టుతోనే పరీక్షకి వెళ్ళింది. ఉద్యోగం వచ్చింది. ఆ గ్లిసాండో విని పెద్ద టీచరు లేచి నిలబడిందట. నా కూతురు డ్యూటీ నుంచి వచ్చి ఆ బొటనవేలికి సూది గుచ్చి చూసింది. పిచ్చుక వేరేవైపు చూస్తూ కబుర్లు చెబుతూనే ఉంది. తల్లి సూది పక్కన పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు కొళాయి తిప్పి ఉంచింది.

అప్పటినుంచీ రోజూ నేనే దాని వేలు పరీక్షిస్తున్నాను. కాలిందా, తెగిందా, చీము పట్టిందా అని. దానికి తెలియదు కదా. మూడు నెలలైంది. గాయం మానింది, కానీ గోరు మొలవలేదు. నున్నగా ఉంది. ఏ గోరైనా ఈపాటికి మొలవాలని నా కూతురంటుంది.

పియానో మూతకి తాళం వేసి, తాళంచెవి నా మెడలోనే ఉంచుకున్నాను. పురుగు పట్టిందేమో చూద్దామని ఇవాళ పొద్దున మూత తీశాను. ఇరవై ఒక్క పలకలూ అలాగే ఉన్నాయి. నేను పలక పీకిన మెట్టు ఉత్త చెక్కగా ఉండాలి.

లేదు.

చెక్క మొదట్లోంచి ఏదో మొలిచి, చివరిదాకా వచ్చింది. పల్చగా, లేత గులాబీ రంగులో ఉంది. కింద తెల్లటి అర్ధచంద్రం. చివర కొంచెం పెరిగి, మెట్టు అంచు దాటి వంకర తిరుగుతోంది.

పిచ్చుక పై గదిలో పడుకుని ఉంది. ఇంకాసేపట్లో లేచి పనికి వెళుతుంది. గోళ్ళు తీసే కత్తెర నా చేతిలోనే ఉంది. పెరిగిన గోరు కత్తిరిస్తే ఎవరికీ నొప్పి ఉండదు, అది నాకూ తెలుసు. కానీ ఇది ఎవరి గోరో తెలియకుండా, మీరైతే కత్తిరిస్తారా?