మూత దగ్గర మిగిలిన జత

నగరానికి నీళ్ళిచ్చే టాంకులన్నింట్లోకీ పాతది నేల కింద ఉంది. పైన గడ్డి, ఒక ఇనుప మూత, అంతే. కింద ఇటుక స్తంభాలు, కమానులు, కటిక చీకటి. ఏడాదికోసారి దాన్ని ఖాళీ చేసి కడుగుతారు. ఈసారి బురద ఎత్తించి ఎత్తించి మేస్త్రికి ఒళ్ళు హూనమైపోయింది. కూతురు పురుడై ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినా మనవరాలిని ఇంకా ఎత్తుకోనేలేదు.

"ఇవాళైనా పెందలాడే రండి. ఆ టాంకుకేమైనా మిమ్మల్ని దత్తతిచ్చామా?" అంది పొద్దున్నే భార్య. నవ్వుతూనే అంది గానీ అతనికి చురుక్కుమంది.

జనం తాగే నీళ్ళు కాబట్టి లోపలికి చెప్పులతో దిగరు. మూత దగ్గరే విడుస్తారు. పైకొచ్చినవాడు తన జత తొడుక్కుని పోతాడు. ఒక్క జత మిగిలినా నీళ్ళు వదలకూడదు. బావులెండి ఊరు అల్లాడుతున్న కాలంలో ఈ టాంకును ఆదరాబాదరా కట్టారట. ప్రారంభించే పెద్దలు వచ్చేస్తున్నారని, లోపల ఒక కూలీ ఉండగానే నీళ్ళు వదిలేశారట. పెద్దల పేర్లు రాతి మీద ఉన్నాయి. కూలీ పేరు ఎవరికీ తెలియదు. అప్పటి నుంచే చెప్పులు చూసుకోవడం అలవాటైంది.

పొద్దు వాలుతుండగా పని ముగిసింది. కూలీలు వెళ్ళిపోయారు. చెప్పులు తొడుక్కోబోయిన మేస్త్రి ఆగాడు. పక్కన ఇంకో జత ఉంది. నల్లబడి ముడుచుకుపోయిన తోలు చెప్పులు.

"ఒరేయ్, ఇవెవరివిరా?" అవతల వాల్వు దగ్గరున్న బావమరిదిని అడిగాడు.

"ఎవడో పారేసుంటాడు బావా. అందరూ వెళ్ళిపోయారుగా. నీళ్ళేవని ఊరంతా నా ప్రాణం తోడేస్తోంది."

"ఒక్క చుట్టు చూసొస్తా. ఎవడైనా కునుకు తీస్తున్నాడేమో."

విసుక్కుంటూ టార్చి పట్టుకుని మళ్ళీ దిగాడు. తడి సున్నం వాసన. ఎక్కడో చుక్క పడుతోంది. చివరి స్తంభం దాకా వెళ్ళాడు. ఎవరూ లేరు. హమ్మయ్య, ఇక ఇంటికి పోవచ్చు అనుకున్నాడు.

అప్పుడు వినిపించింది... తడి పాదాల చప్పుడు. తనకంటే ముందు, మెట్ల వైపు పోతోంది.

"ఎవర్రా?"

టార్చి వేశాడు. మెట్లు ఖాళీ. కానీ పైనుంచి బావమరిది మాట వినబడింది.

"లోపలెవరూ లేరుగా? నే చెప్తే విన్నావా! నువ్వు ఇంటికెళ్ళు బావా, మిగతాది నేను చూసుకుంటా."

ఎవరితో అంటున్నాడు? మేస్త్రి మెట్ల వైపు పరుగెత్తాడు. మూత పడింది. గొట్టంలో నీళ్ళు హోరుమన్నాయి. పాదాలు తడిశాయి... మోకాళ్ళు... పడుతూ లేస్తూ మెట్లెక్కి పిడికిళ్ళతో మూతను బాదాడు.

"నేనురా! ఇంకా లోపలే ఉన్నాను!"

ఎంతసేపటికో మూత లేచింది. బావమరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బావా... ఇప్పుడేగా నువ్వు చెప్పులు తొడుక్కుని ఇంటికి పోయావు..."

మూత పక్కన పాత జత అలాగే ఉంది. మేస్త్రి జతే లేదు.

ఒట్టి కాళ్ళతో పరుగెత్తాడు. దారి పొడవునా కుళాయిల దగ్గర బిందెలు, జనం. ఎవరో పలకరించారు. అతను ఆగలేదు.

ఇంటి తలుపు లోపల గడియ వేసి ఉంది. లోపల ఎవరో మనవరాలిని జోకొడుతున్నారు. మగగొంతు. అది తన గొంతే.

తలుపు కొట్టాడు.

"ఎవరూ?" అంది భార్య.

"నేనే... తలుపు తియ్యి."

గడియ కదిలి ఆగిపోయింది. తర్వాత ఆమె లోపలికి తిరిగి గుసగుసలాడింది.

"ఏమండీ... బయట ఎవరో అచ్చం మీ గొంతుతో పిలుస్తున్నారు. తియ్యనా?"

"వద్దు," అంది ఆ గొంతు, ఎంతో అలసటగా. "ఎన్నాళ్ళకో ఇంటికొచ్చాను."