ఇత్వార్ అంటే ఆదివారం

"జల్జలా అంటే ఏందో ఎరుకేనా మీకు?"

సూర్యాపేట బస్సు కండక్టరు పర్వతాలు ఉర్దూ పేపరు మీది నుంచి తలెత్తి ఆ మాట అడిగేసరికి, కోదాడ రోడ్డు పక్కన కోటయ్య టీ హోటలు జనంతో కిటకిటలాడుతోంది. ఎవరికీ ఎరుక లేదు. "భూకంపం" అని జవాబు కూడా తనే చెప్పాడు.

అంతే. అందరూ ఒక్కసారి తలలెత్తి పైన పెంకుల కప్పు వైపు చూశారు. గ్లాసులు ఎక్కడివక్కడ వదిలేసి వానలోకి పరుగెత్తారు.

హోటల్లో మిగిలింది ముగ్గురు. గల్లాపెట్టె దగ్గర కోటయ్య, టీ కెటిల్ పట్టుకుని కొయ్యబారిపోయిన ఆయన కూతురు సక్కుబాయి, తీరిగ్గా పేపరు మడుస్తున్న పర్వతాలు.

"ఇప్పుడు కడుపు చల్లగా ఉందా?" అంది సక్కుబాయి.

"నేనేం జేసిన? పేపర్ల ఉన్నది చదివిన. షహ్రేవర్ ఐదో తారీఖు నాడు తుర్కిస్తాన్ల భూకంపమట. ఆ తుర్కిస్తాన్ ఏడున్నదో నాకే తెల్వదు."

"తెలియనప్పుడు నోరు మూసుకుని టీ తాగాలి. పొద్దుటి నుంచీ కాచిన పాలన్నీ ఏం చెయ్యమంటారు? మీ బస్సుకు పొయ్యమంటారా?"

"పొయ్యి. ఇంజన్ల నీళ్ళు తక్కువనే ఉన్నయి."

కోటయ్య నవ్వబోయి, కూతురి మొహం చూసి దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు. భార్య పోయినప్పటి నుంచీ హోటలూ, ఇల్లూ, తనూ కూడా ఆ పిల్ల చేతిలోనే ఉన్నాయని ఆయనకు బాగా తెలుసు.

పర్వతాలు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. ఈ నాలుగు నెలల్లో బస్సు ఆగినప్పుడల్లా అతను ఆ గుమ్మంలో ఆగడమూ, ఏదో ఒకటి అని తిట్టించుకుని వెళ్ళడమూ మామూలే. ఈసారి మాత్రం మెడ మీది రుమాలు సర్దుకున్నాడు.

"ఇంకోటి. పొద్దుగాల మా అమ్మకు చెప్పిన."

"ఏం చెప్పారు?"

"కోదాడల ఒక పిల్ల ఉన్నదని."

ఆ పిల్ల ఏమంటుందో వినకుండానే విజిల్ ఊదుకుంటూ బస్సు వైపు పరుగెత్తాడు. పేపరు బల్ల మీదే ఉండిపోయింది. పాత పేపర్లతో పొయ్యి రాజేయడం సక్కుబాయికి రోజూ ఉన్న పనే. జగ్గయ్యపేటలో తాతగారింట తెలుగు అయిదో క్లాసు దాకా చదివిందే గాని, ఆ కుడి నుంచి ఎడమకు నడిచే అక్షరాల్లో ఒక్కటీ ఆమెకు రాదు. అయినా ఆ పేపరును మాత్రం పొయ్యిలో పెట్టలేదు. నాలుగు మడతలు పెట్టి ట్రంకుపెట్టెలో చీరల కింద దాచింది. ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టి జవాబు వెతుక్కోవలసిన అవసరమూ రాలేదు.

శనివారం నాడు పర్వతాలు తల్లి గోపమ్మ పిల్లను చూడటానికి సూర్యాపేట నుంచి వచ్చింది. ఆషాఢం గనుక మాట అనుకోవడం లేదనీ, ఊరికే చూసి పోతాననీ అంటూనే సక్కుబాయి చేతులు చూసింది, నడక చూసింది, పోసిన టీ రెండు గుక్కలు తాగి తల ఊపింది. కోటయ్య మొహం చేటంతయింది.

సరిగ్గా అప్పుడే బెజవాడ బస్సు వచ్చింది. వాగు పొంగి నాలుగు రోజులుగా ఆగిపోయిన తెలుగు పేపర్లన్నీ ఒకే కట్టగా దిగాయి. హోటలు ముందున్న వాళ్ళలో ఎవరో ఒక పేపరు లాగి, "సక్కమ్మా, జర చదువు" అని అలవాటుగా ఆమె చేతిలో పెట్టారు. చదవడం మొదలుపెట్టాక గాని తనేం చదువుతోందో ఆమెకు తెలియలేదు.

"జూలై పదవ తేదీన రష్యా సరిహద్దులలో తీవ్రమైన భూకంపము..."

ఆపేసింది గాని, అప్పటికే ఆలస్యమయింది.

"మొన్న ఒకటాయె గద?" గోపమ్మ గ్లాసు కింద పెట్టింది. "మల్ల ఇంకోటా?"

"మొన్న తుర్కిస్తాన్, ఇయ్యాల రష్యా. దగ్గర దగ్గరకొస్తుంది!" అన్నాడొకాయన.

"రష్యా దగ్గరని నీకెవరు చెప్పిండ్రు?"

"తుర్కిస్తాన్ పేరు ఎన్నడన్న ఇన్నవా? రష్యా పేరు నాలుగేండ్ల సంది రోజూ ఇంటనే ఉన్నం. ఏది దగ్గరో నువ్వే చెప్పు!"

ఆ తర్కానికి ఎదురు చెప్పగలవాళ్ళు కోదాడలో లేకపోయారు. ఆ సాయంత్రానికి మంచాలన్నీ వాకిళ్ళలోకి వచ్చాయి. నిరుడంతా తుపాకుల భయానికి తలుపులు బిడాయించుకుని లోపల పడుకున్న జనం, ఈ యేడు భూమి భయానికి గోనెసంచులు కప్పుకుని వానలో పడుకున్నారు. అందరికంటే ముందు మంచం బయట వేసింది కోటయ్యే.

"నాయినా, తడిసి జ్వరమొస్తే ఎవరు చూస్తారు?"

"జ్వరమొస్తే దవాఖానుంది బిడ్డా. పెంకులు నెత్తిన పడితే ఏముంది?"

హోటల్లోకి మనిషి అడుగు పెట్టడు. టీ మాత్రం కావాలి. పొయ్యి బయటికి మార్చమన్నారు. మారిస్తే వానకు ఆరింది. లోపల కాచి బయటికి మోస్తే చినుకులు పడి పల్చబడిందన్నారు. మిలిటరీ లారీ పోయి గ్లాసులు గలగలమంటే చాలు, ఉన్నవాళ్ళు కూడా రోడ్డు మధ్యకు ఉరికేవాళ్ళు. వాళ్ళను పిలిచి పిలిచి సక్కుబాయి గొంతు బొంగురుపోయింది. భూమి వచ్చి నిజంగానే కదిలి వెళ్ళిపోతే ఒక పనైపోయేది కదా అని కూడా ఆమెకు ఒకటి రెండుసార్లు అనిపించింది.

గురువారం నాడు పర్వతాలు బస్సు దిగి టీ అడగలేదు.

"ఏమయింది?" అంది సక్కుబాయి.

"మిర్యాలగూడ నుంచి మా బక్కయ్య మామ కార్డు రాసిండు. పున్నమి నాడు ఉత్తర దిక్కున భూమి కదిలిందట, పైలంగ ఉండుమని. అమ్మ శ్రావణంల ముహూర్తం అడగనీకె అయ్యగారింటికి పోతుంటే వాకిట్లనే వచ్చింది ఆ కార్డు."

"అయితే?"

"అయితే మూడాయె. నేను నీ ముచ్చట ఎత్తిన్నాడు ఒకటి. ఆమె నిన్ను సూసిన్నాడు ఒకటి. ముహూర్తానికి బయలెల్లిన్నాడు ఒకటి. ఈ లగ్గం భూమికే ఇష్టం లేదంటది. రేపొచ్చి మీ నాయినకు చెప్పి ఖతం చేస్తదట."

సక్కుబాయి చేతిలోని గ్లాసును బల్ల మీద ఠంగున పెట్టింది. "నేను భూమిని కదిలించేదాన్నా? నాకంత బలమే ఉంటే ముందు మిమ్మల్ని కదిలిద్దును. మీరేమన్నారు మీ అమ్మతో?"

"ఏమంట? వాకిట్ల మంచం మీద గొడుగేసుకొని కూసున్నది. గొడుగుతోని మాట్లాడినట్లే ఉన్నది."

"అంటే ఏమీ అనలేదు."

"అన్న." అతని గొంతు తగ్గింది. "చేసుకుంటే సక్కుబాయిని చేసుకుంట, లేకుంటే లేదని అన్న. గొడుగు మీద వాన చప్పుడుకు వినబడిందో లేదో. నీకన్న వినబడ్డదా?"

ఆమె తడి గ్లాసు తీసి తుడిచింది. తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచింది. బయట డ్రైవరు హారన్ మోగించాడు.

"వినబడింది," అంది అతని వైపు చూడకుండా. "పొండి. రేపు మీ అమ్మను జాగ్రత్తగా దించండి. మెట్టు తడిగా ఉంటుంది."

మర్నాడు గోపమ్మ గొడుగుతో సహా దిగింది. జల్లు పడుతూనే ఉంది. కోటయ్య ఎదురెళ్ళి, "లోపలికి రా వదినే" అని బతిమాలాడు.

"ఆ పెంకుల కింద నేను కూసోను అన్నా." బయటి బల్ల మీదే చతికిలబడింది. "పిల్ల బంగారమసొంటిది. నేను వంక పెట్టను. కని మూడుసార్లు వద్దు వద్దని భూమే చెప్పినంక మనమెట్ల జేస్తం? నాకున్నది ఒక్క కొడుకు."

కోటయ్య చేతులు నలుపుకున్నాడు. పర్వతాలు టికెట్ల సంచి పట్టుకుని తల్లి వెనకే నిలబడి తడుస్తున్నాడు. టీ కోసం వచ్చినవాళ్ళు టీ సంగతి మరిచిపోయి చూస్తున్నారు. లోపల నుంచి సక్కుబాయికి ఇదంతా కనిపిస్తోంది. ఇంకో నిమిషం గడిస్తే ఆ మాట అయిపోతుంది. గోపమ్మ లేచి బస్సెక్కుతుంది. ఆ తర్వాత అతను ఈ గుమ్మంలో ఆగడు.

పది రోజుల విసుగు ఒక్కసారి తలకెక్కింది. మూడుసార్లు, మూడుసార్లు అంటారే గాని, అవి ఏ రోజులో ఒక్కరూ అడగరేం? ట్రంకుపెట్టె తెరిచి, గల్లాపెట్టె కింది నుంచి తెలుగు పేపరు కూడా లాగి, రెండూ పట్టుకుని వానలోకే వచ్చేసింది.

"అత్తా, ఆ మూడు భూకంపాలూ ఏ ఏ రోజున వచ్చాయి?"

"నాకేం తెలుసు పిల్లా? పేపర్ల ఉన్నయి."

"అయితే చదవండి," అని ఉర్దూ పేపరు పర్వతాలు చేతిలో పెట్టింది.

అతను నాలుగు మడతలూ విప్పాడు. చీరల్లో పెట్టిన కర్పూరం వాసన వచ్చింది. "ఇది ఆనాడు నేను మర్సిపోయిన పేపర్ గాదా? ఇంకా..."

"చదవమన్నాను."

"షహ్రేవర్ పాంచ్, ఇత్వార్ రోజు..."

"ఇత్వార్ అంటే?"

"ఆదివారం."

సక్కుబాయి తన చేతిలోని పేపరు మొహానికి దగ్గరగా పెట్టుకుంది. ఆనాడు జనం అరుపుల్లో తేదీ దగ్గరే ఆగిపోయిన వార్త. ఆ తర్వాత దాన్ని మళ్ళీ ఎవరూ చదవలేదు, తను కూడా. "జూలై పదవ తేదీ..." అని, కింది వరసలోకి వేలు జరిపింది. "ఆదివారము నాడు."

పర్వతాలు తలెత్తాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతని పెదవులు కదులుతున్నాయి. షహ్రేవర్ అనే సర్కారు నెలను ఇంగ్లీషు నెలలోకి మార్చి లెక్క కడుతున్నాడు. చిన్నప్పటి నుంచీ బళ్ళో, ఇప్పుడు టికెట్ల మీదా ఆ నెలలే రాసే అతనికి, పక్కన ఇంకో నెల నడుస్తోందని ఇంతవరకూ తోచనే లేదు.

"షహ్రేవర్ ఐదంటే..." అని ఆగి, "జూలై పది! ఒక్కటే దినం!" అన్నాడు.

"మరి బక్కయ్యది పున్నమాయె గద?" గోపమ్మ ఒప్పుకోలేదు.

"ఈ నెల పున్నమి ఏ వారం వచ్చింది అత్తా?"

"ఆదివారం. ఆనాడు ఒక్కపొద్దు ఉన్న, నాకెరుక లేదా..."

గోపమ్మ చేతిలో గొడుగు పక్కకు ఒరిగింది.

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అది సక్కుబాయికి నిప్పు మీద నెయ్యయింది.

"సర్కారుకు షహ్రేవర్, బెజవాడకు జూలై, మిర్యాలగూడకు పున్నమి! ఒక్క ఆదివారాన్ని మూడు చేసుకుని వానలో నానుతున్నాం. ఎక్కడో ఎవరి ఇళ్ళో కూలినయ్, ఎవరి పిల్లలో పోయిన్రు. అయ్యో పాపమని ఒక్క మనిషి అనలేదు. మంచాలు బయటికి లాగడమే సరిపోయింది. ఆ భూమేమో తన మానాన తనుంటే, దాని నోటితో నాకు పెళ్ళొద్దని మీరే చెప్పిస్తున్రు. పెద్దవాళ్ళు గదా అత్తా, ఒక్కసారి కూర్చుని అడగొద్దా, ఏ రోజు, ఏ వారమని?"

"సక్కూ!" కోటయ్య చెయ్యెత్తి వారించాడు. "పెద్దామెతోని గట్లనేనా మాట్లాడేది?"

అప్పటికి గాని సక్కుబాయికి తెలిసిరాలేదు. భూకంపాన్ని తప్పించింది సరే. కాబోయే అత్తను నడిరోడ్డు మీద, ఇంతమంది ముందు గద్దించింది. ఇక ఏ భూమీ కదలనక్కర లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి వాన నీళ్ళలో కలిసిపోవడమొక్కటే ఆ పూట జరిగిన మేలు.

గోపమ్మ నెమ్మదిగా గొడుగు మూసింది.

"వారం దినాలాయె వాకిట్ల పండుకోబట్టి. నడుం పట్టుకపోయింది. రాత్రంత దగ్గు. నేనే ముచ్చట జెప్పి బయటికొచ్చిన, ఇగ లోపలికి పోదామంటే నామోషీ." కొడుకు వైపు గొడుగు చూపించింది. "వీడు నా పక్కన మంచమేసుకొని తడిసిండు గని, అమ్మా ఇగ సాలు, లెవ్వు అని ఒక్కసారన్న గద్దించిండా? ఇంట్ల అనేటోళ్ళొకరు ఉండాలె."

"అమ్మా, నేనూ చెప్పిన..." అన్నాడు పర్వతాలు.

"సెప్పినవ్. గొడుగుకు సెప్పినవ్."

లేచింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని మెట్టెక్కి, పైకి ఒక్కసారి చూసి, పెంకుల కింద నడిమి బల్ల మీద కూర్చుంది. ఆమెను చూసి ఒకడు, వాణ్ణి చూసి ఇద్దరు, తలలు దులుపుకుంటూ లోపలికి వచ్చారు.

"ఇంత చాయ్ పొయ్యి బిడ్డా. వేడిగ. ఆషాఢం ఇంకా మూడు దినాలే. శ్రావణంల అయ్యగారు ఏ దినమంటే ఆ దినం. అది పేపర్ మీద నువ్వే రాసి పెట్టుకో, వీనికియ్యకు."

సక్కుబాయి లోపలికి వచ్చి పొయ్యి మీది కెటిల్ తీసింది, మళ్ళీ దాని కోసమే నాలుగు దిక్కులా వెతికింది. అది తన చేతిలోనే ఉంది.

బయట డ్రైవరు హారన్ మీద హారన్ మోగిస్తున్నాడు. గుమ్మంలో నిలబడ్డ పర్వతాలు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"శ్రావణమంటే జర ఎనకకు జరిగితే షహ్రేవర్ దాటి మెహెర్ నెలలకు పోతది అమ్మా," అన్నాడు.

అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే తలలు తిప్పి అతని వైపు చూశారు. అతను జేబులో విజిల్ వెతుక్కుంటూ బస్సు వైపు నడిచాడు.