చెరిపేసిన కోడ్

ఉదయం ఏడింటికి ఇంటి గేటు తీస్తుండగా డిపార్ట్‌మెంట్ కారు డ్రైవర్ మెడలోకి రెండు తూటాలు దిగాయి. అప్పుడతను ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"బండిలో ఏబీఎస్ బ్రేకుల లైటు వెలిగి ఆరుతోందిరా బామ్మర్దీ. పెద్దదేం కాదులే, ఓసారి చూద్దువుగాని..."

ఆ బామ్మర్దిని డిపార్ట్‌మెంట్‌లో మెకానిక్ అంటారు. ఏజెంట్ కాకముందు అతను బావ షెడ్డులోనే పని నేర్చుకున్నాడు. ఏడవడానికి టైం లేదు. ఉన్నా ఏడవగలడో లేదో అతనికే అనుమానం.

చీఫ్ బ్రీఫింగ్ నలభై సెకన్లు.

"పదింటికి సాక్షి అదే కారులో కోర్టుకెళ్ళాలి. బుల్లెట్‌ప్రూఫ్ బండి మనకదొక్కటే. విదేశీ ముఠా పేర్లన్నీ ఆవిడకే తెలుసు. ఆ లైటు గురించి అడిగినందుకే మీ బావని లేపేశారు. బండిలో ఏముందో కనుక్కో. ముఠాలో మన మనిషి నెమలి సాయానికొస్తుంది."

గ్యారేజీలో కారు లిఫ్ట్ మీద మోకాలెత్తున ఉంది. గోడ అవతలి గదిలో సాక్షి.

"గాలి ఎంత?" అడిగాడు మెకానిక్.

"ముప్పై మూడు," అంది నెమలి. గుర్తుమాట సరిపోయింది. లిప్‌స్టిక్ చెదరకుండా స్టీరింగ్ ముందు కూర్చుని గేరు వేసి చక్రాలు తిప్పింది. తలుపులు వాటంతటవే లాక్ అయ్యాయి.

కారుకి తగిలించిన స్కానర్‌లో కుడి వెనక చక్రం వేగం ఇరవై. ఎడమది ఇరవై, సున్నా, మళ్ళీ ఇరవై.

"ముందు ఏ ఫాల్ట్ కోడ్ చూపించింది?"

"చూళ్ళేదు గురూ. లైటు చిరాగ్గా ఉంటే చెరిపేశా."

అతని చెయ్యి ఆగింది. మొదటి రోజే బావ నెత్తిన మొట్టి నేర్పిన పాఠం: కోడ్ రాసుకోకుండా చెరపకూడదు. రిపేరు చేసేవాళ్ళు చెరపరు. దాచేవాళ్ళు చెరుపుతారు.

వంగి ఎడమ సెన్సర్ వైరు వెంట వేలు పోనిచ్చాడు. కొత్త టేపు. దాని కింద వెంట్రుకంత సన్నని రెండో వైరు, పెట్రోల్ ట్యాంకుకి అంటుకున్న పెట్టెలోకి. పెట్టె మీద 20. పక్కన ఎర్రగా 80. సిగ్నల్‌ని దొంగిలిస్తున్నది ఇదే: వేగం ఎనభైకి చేరగానే పేలే బాంబు.

"దొరికిందా?" గొంతు మారింది.

"మా బావని కాల్చింది నువ్వేనా?"

జవాబుగా దించి ఉన్న కిటికీలోంచి తూటా వచ్చింది. కుడి భుజం చిట్లింది. పడుతూనే అతను ఎడం చేత్తో వీల్ రెంచ్ విసిరాడు. అది ఆమె కణతలో దిగింది. పుర్రె పగిలిన చప్పుడు అతనికి తృప్తినిచ్చింది. అందుకు సిగ్గేసింది కూడా.

అప్పుడే ఇంజన్ అరిచింది. శవం జారి, మోకాలు యాక్సిలరేటర్ మీద పడింది.

నలభై. తలుపులు లాక్. లేచి కిటికీలోంచి తాళం అందుకునే టైం లేదు. యాభై అయిదు. గోడ అవతల సాక్షి దగ్గుతోంది.

వైరు కోస్తే పేలుతుందా? పొద్దుట్నుంచీ సిగ్నల్ ఎన్నిసార్లు సున్నాకి పడలేదు? ఒక్కసారీ పేలలేదు. సున్నాకి భయం లేదు.

డెబ్భై. తిరిగే టైరు మోచేతి చర్మం ఒలిచేసింది. నెత్తుటి వేళ్ళకి సెన్సర్ కనెక్టర్ జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు. డెబ్భై తొమ్మిది. లాగాడు.

సున్నా.

ఫోన్ మోగింది.

"బండికేమైంది?" చీఫ్.

"లెఫ్ట్ రియర్ వీల్ సెన్సర్, సర్. పీకేశాను. లైటు ఇంకా వెలుగుతోంది."

"ఆ కోడ్ చెరిపెయ్యకపోయావా?"

"ముందు రాసుకోవాలి కదా, సర్. పెన్ను పట్టే చెయ్యి పనిచెయ్యట్లేదు."